పచ్చ గేటు దగ్గర నలభై నిమిషాలు

అబ్దుల్లాని గుద్దిన లారీకి నంబర్ ప్లేటు లేదు.

చిలకలూరిపేట దాటాక, జిన్నింగ్ మిల్లుల వరస అయిపోయే చోట, హైవే మీద పట్టపగలు పదకొండింటికి జరిగింది. మోటార్ సైకిల్ ఇరవై గజాల అవతల పడింది. ఇంటికి కబురు చేద్దామని చుట్టూ చేరినవాళ్లు అతని జేబులో ఫోన్ కోసం వెతికారు. ఫోన్ లేదు. నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది. ఇంగ్లీషు అచ్చు, 212వ పేజీ. మధ్యలో రెండు మాటల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా. పక్కన మార్జిన్‌లో ఒకే ఒక అంకె: 40.

ఆ సాయంత్రానికి కాగితం ఢిల్లీ చేరింది. కోడ్ విప్పే విభాగంలో తొమ్మిది మంది పదకొండు రోజులు దానితో కుస్తీ పట్టారు. వెనకనుంచి చదివారు. నలభయ్యేసి అక్షరాలు దాటేసి చదివారు. ఆ ఎర్ర ఇంకు ఏ ఊళ్లో తయారైందో కూడా కనిపెట్టారు. పన్నెండో రోజు, ‘ఇంతవరకు ప్రపంచంలో ఎవరూ వాడని కోడ్’ అని రాసి చేతులెత్తేశారు.

“ఇది కోడ్ కాదు సార్,” అంది సిద్దికా. “ఇంగ్లీషు.”

గుంటూరు అరండల్‌పేటలో, పైకి విత్తనాల కంపెనీ బోర్డు తగిలించుకున్న ఆఫీసు అది. గోడ నిండా పత్తి కాయల పోస్టర్లు. టేబుల్‌కి అవతల అంకమ్మరావు కూర్చుని ఉన్నాడు. దేశ నిఘా ఏజెన్సీకి దక్షిణాది చీఫ్ ఆయన. మనిషి బక్కగా, ఎప్పుడూ కడుపునొప్పి ఉన్నవాడిలా ఉంటాడు.

“ఇంగ్లీషేనని నాకూ కనపడుతోంది. అర్థం చెప్పు.”

“చెప్పడానికే రప్పించారుగా.”

సిద్దికాకి నలభై నాలుగేళ్లు. యడ్లపాడు పక్క పల్లె. ఏజెన్సీలో చాలామందికి లేని అనుభవం ఒకటి ఆమెకి ఉంది. ఆరేళ్లపాటు ఒక అంతర్జాతీయ కమిటీలో మారుపేరుతో కూర్చుంది. తుపాకులు లేవు, వెంటపడటాలు లేవు. ఒక కంప్యూటర్ భాషకి నియమాల పుస్తకం రాసే కమిటీ అది. ప్రపంచంలో యంత్రాలకి నియమాలు ఎవరు రాస్తున్నారో మన దేశం ఓ కన్నేసి ఉంచాలని అప్పట్లో ఎవరికో తోచింది.

“ఆ పుస్తకం ఎనిమిది వందల పేజీలు సార్. వాల్డా అనే భాషకి రాజ్యాంగం అనుకోండి. ఫ్యాక్టరీల్లో మోటార్లు, వాల్వులు నడిపే ప్రోగ్రాములు ఆ భాషలో రాస్తారు. రాసినదాన్ని యంత్రం తలకెక్కించే కంపైలర్ ఏ కంపెనీ అయినా తయారు చేసుకోవచ్చు. కాకపోతే ఈ పుస్తకం చెప్పినట్టే చేయాలి. అందుకని ఇందులో రోజువారీ మాటలు కూడా కట్టుదిట్టంగా ఉంటాయి. ‘చేయాలి’ అని ఉంటే చట్టం, తప్పితే సర్టిఫికెట్ రాదు. ‘చేస్తే మంచిది’ అంటే సలహా. ‘చేయవచ్చు’ అంటే కంపెనీ ఇష్టం. ఈ మూడింటికీ మొదటి అధ్యాయంలోనే హద్దులు గీసేశాం.”

“మరి సున్నా చుట్టిన మాటలకి?”

“గీయలేదు.” కాగితాన్ని ఆయన వైపు తిప్పింది. “‘సెన్సార్ నుంచి జవాబు ఆగిపోతే, ప్రోగ్రామ్ వాల్వును తగిన సమయంలో మూసేయాలి.’ అబ్దుల్లా సున్నా చుట్టింది ‘తగిన సమయం’ చుట్టూ.”

“మూసేయాలి అనే ఉందిగా. చట్టమేగా మరి?”

“మూయడం చట్టం. ఎప్పుడన్నదే గాల్లో ఉంది. మేం అర్థం ఇవ్వని మాటకి డిక్షనరీ అర్థం తీసుకోమని అదే పుస్తకంలో ఉంది. డిక్షనరీ తీస్తే ‘తగిన’ అంటే ‘సందర్భానికి సరిపోయే’ అంటుంది. ఒక కంపెనీ అర సెకను అనుకుంది. ఇంకోటి రెండు సెకన్లు. చదివిన ప్రతివాడూ ‘వెంటనే’ అనే కదా దీని భావం అనుకున్నాడు. ఎందుకంటే తగిన అంటే మనందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఎవరూ అడగలేదు.”

అంకమ్మరావు మార్జిన్ మీద వేలు పెట్టాడు. “నలభై?”

“నిమిషాలు సార్. వాల్వులు నడపడానికి ఒక విదేశీ కంపెనీ అమ్మే కంట్రోలర్ పెట్టెలో ‘తగిన సమయం’ అంటే నలభై నిమిషాలు. మనకి కబుర్లు అందించే అబ్దుల్లా ఆ కంట్రోలర్లకి సర్వీసు చేసే కుర్రాడు. చూసి ఉంటాడు.”

అంకమ్మరావు కాగితాన్ని తన ముందుకి లాక్కున్నాడు.

“మన జిల్లాల్లో మిరపకాయ దాచే కోల్డ్ స్టోరేజీలు నూట ముప్పై,” అన్నాడు అంకమ్మరావు నెమ్మదిగా. “అన్నిట్లో చల్లదనానికి వాడేది అమ్మోనియా గ్యాసే. సగం వాటిలో ఈ కంట్రోలర్లు బిగించారు. సెన్సార్ తీగ ఒకటి పీకి, వాల్వ్ తెరిస్తే…”

“నలభై నిమిషాలు గ్యాస్ వదులుతూనే ఉంటుంది. వైరస్ లేదు. తాళం పగలగొట్టింది లేదు. రేపు కోర్టులో నిలబెడితే, ‘మా సరుకు స్టాండర్డు ప్రకారమే ఉంది’ అంటారు. నిజమే అంటారు.”

“నెలాఖరు శుక్రవారం. పచ్చ గేటు. అబ్దుల్లా చివరి ఫోన్‌లో చెప్పిన రెండే ముక్కలు ఇవి. పచ్చ గేటు అంటే పేట దాటాక హైవే పక్కన ఉన్న కోల్డ్ స్టోరేజీ. ఈ పద్ధతిని అమ్మే ముఠా ఒకటుంది. కొనేవాళ్లకి ముందుగా ఒక నమూనా చూపిస్తారట. అక్కడ షెడ్డులో నలభై రెండు మంది ఆడవాళ్లు కాయ ఏరుతుంటారు. ఆ నలభై రెండు మందే నమూనా.”

“ఇవాళే ఖాళీ చేయించండి.”

“ఏ సెక్షన్ కింద? పైగా ఖాళీ చేయిస్తే ఇంకో స్టోరేజీకి పోతారు. అది ఏదో చెప్పడానికి ఈసారి అబ్దుల్లా లేడు.” డ్రాయర్ లాగి ఒక చేతి గడియారం ఇచ్చాడు. “గాలిలో అమ్మోనియా పెరిగితే వణుకుతుంది. మాస్కు కావాలని మన స్టోర్స్‌కి ఇండెంట్ చీటీ రాసివ్వు, శుక్రవారంలోపు ఇస్తారు. ముఠా లోపల మన మనిషి ఒకడున్నాడు, అతను నిన్ను కలుస్తాడు. నువ్వు, ‘ఈ ఏడు తేజ కాయ ఎట్లా ఉంది’ అనాలి. అతను, ‘రంగు బాగుంది, తేమే ఎక్కువ’ అంటాడు.”

“ఈ కోడ్ ఎవరు రాశారు సార్?”

“ఢిల్లీ.”

“గుంటూరు జిల్లాలో ఎవర్నడిగినా ఇదే జవాబు చెప్తారు.”

అంకమ్మరావు కడుపు పట్టుకున్నాడు.

*

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి సిద్దికా మసాలా కంపెనీ క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ వేషంలో పచ్చ గేటు ముందు ఆటో దిగింది. మెడలో ఐడీ కార్డు, చేతిలో శాంపిల్ సంచులు, భుజాన మాస్కు ఉన్న బ్యాగు. కోడ్ మాట మూడుసార్లు వాడింది. టీ కొట్టు ముసలాయన, వాచ్‌మన్, గేటు పక్కన గొర్రెలు తోలుకుపోతున్న మనిషి ముగ్గురూ సరైన జవాబే ఇచ్చారు.

షెడ్డులోకి అడుగు పెట్టగానే గడియారం వణికింది.

పరుగున బయటికొచ్చింది. వణుకు ఆగింది. లోపలికెళితే మళ్లీ మొదలు. నాలుగుసార్లు తిరిగాక అర్థమైంది. షెడ్డులో కొండల్లా పోసిన ఎండు మిరపకాయలు, గాలి నిండా ఎర్రటి ధూళి. ఫోన్ చేసింది.

“బెంగళూరు ల్యాబులో కనుక్కున్నా,” అన్నాడు అంకమ్మరావు. “అన్ని వాసనల మీదా పరీక్షించారట. మిరపకాయ మీద తప్ప.”

పదింటికి గడియారం ఆపేసి జేబులో పెట్టుకుంది.

షెడ్డులో ఆడవాళ్లు వరసలుగా కూర్చుని కాయకి ముచ్చికలు తీస్తున్నారు, తెల్లబడ్డ తాలు కాయ వేరే గంపలో పడేస్తున్నారు. అందరి ముక్కులకీ చీర కొంగులో, చున్నీలో చుట్టి ఉన్నాయి. వాళ్ల మేస్త్రీ లాల్‌బీ. యాభై దాటిన మనిషి. గొంతు మైకు.

“ఏందమ్మో ఇనస్పెక్టరమ్మా! కాయ చూట్టానికొచ్చావా, మమ్మల్ని చూట్టానికా?”

“కాయనే అక్కా.”

“అయితే ఇటు కూచో. మొహం చూస్తే ఏసీ రూము మొహంలాగుంది, గంటలో లేచిపోతావు.”

అందరూ నవ్వారు. సిద్దికా కూర్చుని గుప్పెడు కాయ తీసుకుని, మాట్లాడుతూనే చకచకా ముచ్చికలు తుంచింది. నవ్వులు ఆగాయి.

“ఎవరి పిల్లవే నువ్వు?” అంది లాల్‌బీ, గొంతు మారిపోయి.

“యడ్లపాడు దగ్గర. మా అమ్మ ఇరవై ఏళ్లు ఇదే పని చేసింది.”

“మరి చెప్పవేందే! మేడమ్మా మేడమ్మా అని నా నోరు నొప్పెట్టింది.”

మధ్యాహ్నం దాకా ఏమీ జరగలేదు. ప్లాంటు రూములో బుల్లయ్యని కలిసింది. ముప్పై ఏళ్లుగా అమ్మోనియా ప్లాంటు నడుపుతున్న ఆపరేటర్. కొత్త కంట్రోలర్ వచ్చాక ఆయన పని స్క్రీన్ ముందు కుర్చీలో కూర్చోవడమే. “అదే చూసుకుంటదమ్మా. నన్ను ముట్టుకోవద్దన్నారు,” అన్నాడు, ఇంట్లో కోడలు వంటగదిలోకి రానివ్వని మనిషిలా. ఎర్ర పెయింటు వేసిన చక్రాల వాల్వులు వరసగా చూపించాడు. అన్నిట్లోకీ పెద్దది కింగ్ వాల్వ్. అది మూస్తే అమ్మోనియా అంతా ట్యాంకులోనే ఆగిపోతుంది.

మూడు గంటలకి తెల్ల కారొచ్చింది. అందులోంచి వీరబాబు దిగాడు.

సిద్దికా చేతిలో శాంపిల్ సంచి జారింది. నాలుగేళ్లయింది చూసి. అదే నార చొక్కా, అవే నల్ల కళ్లద్దాలు, పది అడుగుల అవతలకి కొట్టే సెంటు. ప్రాగ్‌లో కమిటీ మీటింగులకి అతను వస్తే, మిగతా దేశాల వాళ్లు జుట్టు సవరించుకునేవాళ్లు. ఆ కమిటీకి ఎడిటర్ అతను. ముఠా లోపల మన మనిషి అని అంకమ్మరావు చెప్పినవాడు అతనే అయి ఉండాలి.

“ఈ ఏడు తేజ కాయ ఎట్లా ఉంది?” అంది.

“రంగు బాగుంది, తేమే ఎక్కువ.” నవ్వాడు. “ఎలా ఉన్నావు సిద్దికా? అసలు పేరు ఇప్పుడే తెలిసింది.”

“ఎక్కడ చేస్తారు? ఎప్పుడు?”

“ఇవాళ కాదు. సోమవారానికి వాయిదా పడింది. ఇంటికెళ్లి పడుకో.”

“అబ్దుల్లా శుక్రవారం అన్నాడు.”

“పాపం, అబ్దుల్లాకి పాత సమాచారం.” షెడ్డు వైపు చూశాడు, గడియారం చూసుకున్నాడు. “నీకు గుర్తుందా, పద్నాలుగో అధ్యాయం? మూడు రోజులు కొట్టుకున్నాం. రెండు సెకన్లని రాయాలని నువ్వు. పాల డెయిరీకి, ఉక్కు ఫ్యాక్టరీకి ఒకే లెక్క కుదరదు, ఎవరికి తగినంత వాళ్లు పెట్టుకుంటారని నేను.”

“గుర్తుంది.”

“శుక్రవారం సాయంత్రం ఓటింగ్. అందరికీ ఫ్లైట్లు. నువ్వూ చెయ్యెత్తావు.”

“ఎత్తాను.”

“అందరం ఎత్తాం,” అన్నాడు ఓదారుస్తున్నట్టుగా. కారెక్కి వెళ్లిపోయాడు. అతను ఎవరి మనిషో అప్పుడైనా తెలియాల్సింది. కానీ పాత అవమానం మనిషి చూపుని తనలోకే తిప్పేస్తుంది. ఆమె ఆ ఎత్తిన చెయ్యి గురించే ఆలోచిస్తూ షెడ్డులోకి వెళ్లి కూర్చుంది.

మూడూ ఇరవైకి దగ్గు మొదలైంది.

ముందు గోడ వైపు వరసలో ఒకావిడ దగ్గింది. తర్వాత ఇద్దరు. సిద్దికా కళ్లు మండాయి, చెంపల మీద నీళ్లు కారాయి.

“ఏందే యడ్లపాడు పిల్లా, కాయ ఘాటుకేనా కళ్లెమ్మట నీళ్లు?” అని ఎవరో ఎగతాళి చేశారు.

“ఎవరికే నీళ్లు?” అంది సిద్దికా. కళ్లు తుడుచుకోలేదు. మిరపకాయల మధ్య పుట్టిన మనిషి ఘాటుకి లేచి బయటికి పోతే ఇంకేముంది? మార్చి నెలలో ఈ ఊళ్లలో దగ్గు మామూలు శబ్దం. బస్సులో దగ్గుతారు, పెళ్లిలో దగ్గుతారు, దగ్గుతూనే బేరమాడతారు. దగ్గుకి భయపడి లేచి పరుగెత్తినవాళ్లని ఆ మైదానంలో ఎవరూ చూసి ఉండరు. ఈ ముఠా నమూనాకి ఇన్ని ఊళ్లుండగా ఈ ఊరే ఎందుకు ఎంచుకుందో ఆమెకి అప్పటికీ తట్టలేదు. ఆ పౌరుషంలో ఎనిమిది నిమిషాలు పోయాయి.

లాల్‌బీ కూడా దగ్గి, కూర్చున్న చోటే అటు ఇటు కదిలింది. ఆమె కింద బోర్లించిన నీలం ప్లాస్టిక్ డ్రమ్ము.

“ఆ డ్రమ్ము ఎక్కడిది అక్కా?” అంది సిద్దికా, ఏదో ఒకటి మాట్లాడాలని.

“గోడవతల పైపు కింద నీళ్లతో ఉండేదే. తెల్ల కారు బాబు ఇప్పించాడు. పొద్దున కూడా ఒకసారి వచ్చిపోయాడులే, నువ్వు బుల్లయ్య దగ్గరున్నప్పుడు. మోకాళ్ల నొప్పులన్నానని నీళ్లు పారబోయించి, దీని మీద కూచోమ్మా అన్నాడు. ఎంత మంచోడే! సినిమావోడిలా ఉన్నాడు కూడా.”

సిద్దికా చేతిలో కాయ అలాగే ఆగిపోయింది.

ప్లాంటులో చేరిన గాలిని బయటికి వదలడానికి ఒక వాల్వ్ ఉంటుంది. ఆ గాలితో పాటు కాస్త అమ్మోనియా వస్తుంది. అందుకే దాని పైపు చివరని నీళ్ల డ్రమ్ములో ముంచుతారు. నీళ్లు ఆ గ్యాస్‌ని తాగేస్తాయి. బుల్లయ్య పొద్దున్నే చూపించాడు. ఆ పైపు ఉన్నది ఈ గోడకి అవతలే. గోడకి కిటికీలు తెరిచే ఉన్నాయి.

జేబులోంచి గడియారం తీసి ఆన్ చేసింది. వణకలేదు. అరిచింది. పొద్దున వణుకు వేరు, ఇది వేరు.

“లేవండి! అందరూ లేవండి! గ్యాస్ లీకవుతోంది!”

నలభై రెండు తలలు ఆమె వైపు తిరిగాయి. దగ్గుతూనే నవ్వాయి.

“కాయ ఘాటే తల్లీ అది. మంచినీళ్లు తాగు, తగ్గిద్ది.”

“ఇనస్పెక్టరమ్మకి భయమేసింది!”

“అక్కా, నా మాట విను, చచ్చిపోతారు…”

“పాతికేళ్ల నించి చస్తానే ఉన్నాం,” అంది లాల్‌బీ. “ఈ గుట్ట అవ్వకుండా లేస్తే మేస్త్రీ అంటారా నన్ను? కూచో.”

సిద్దికా వాళ్ల మొహాలు చూసింది. ఇంకెన్ని మాటలు చెప్పినా ఇంతే. వీళ్లకి గ్యాస్ అంటే వంటింట్లో సిలిండరు. చావంటే ఇంట్లో మనిషి. పని మధ్యలో వీళ్లని లేపగలిగేది ఈ భూమ్మీద ఒక్కటే ఉంది. చిన్నప్పుడు అన్నం ముందు కూర్చున్న తల్లి, కంచం అలాగే వదిలేసి పరుగెత్తేది.

గుమ్మంలోకి ఉరికి, ఊపిరంతా కూడదీసుకుని, పల్లె గొంతుతో కేక పెట్టింది.

“వానొస్తంది! కల్లంలో కాయ తడుస్తంది! వాన!”

మరుక్షణం షెడ్డులో ఒక్క మనిషి లేదు.

ఎవరూ ఆకాశం చూడలేదు. ఎవరూ ప్రశ్న వేయలేదు. గంపలు దొర్లాయి, చెప్పులు ఎగిరాయి, లాల్‌బీ మోకాళ్ల నొప్పులు ఎటుపోయాయో తెలియదు. నలభై రెండు మందీ ఆవరణ దాటి, ఎండబెట్టిన కాయ ఉన్న కల్లం మీదికి పరుగు తీశారు. పట్టాలు లాగి పరిచి, అంచుల మీద రాళ్లు పెట్టి, సగం కాయ కప్పేశాక ఎవరో ఒకరు తల పైకెత్తారు. ముప్పై తొమ్మిది డిగ్రీల ఎండ. మబ్బు తునక లేదు.

అప్పుడు మొదలయ్యాయి తిట్లు.

*

సిద్దికా అప్పటికి ప్లాంటు రూము గుమ్మంలో ఉంది. స్క్రీన్ మీద ఆకుపచ్చ అక్షరాలు ప్రశాంతంగా వెలుగుతున్నాయి: సెన్సార్ జవాబు కోసం వేచి ఉంది. మూడూ పన్నెండు నుంచి వేచి ఉంది. ఇప్పుడు మూడూ ముప్పై మూడు. వేచి ఉన్నంతసేపు వేరే ఆజ్ఞ తీసుకోదు. కరెంటు తీసేస్తే వాల్వ్ ఎలా ఉన్నది అలాగే ఉండిపోతుంది. రెండూ పుస్తకం ఒప్పుకున్నవే.

“బాబాయ్, అమ్మోనియా పోతోంది!”

“నాకు తెలవకుండా పోయిద్దా?” అన్నాడు బుల్లయ్య కుర్చీలోంచే.

“నీకు వాసన తెలుస్తోందా?”

ఆయన ముక్కు ఎగబీల్చాడు. “పదేళ్ల నించి తెలవదమ్మా,” అన్నాడు మెల్లగా. లేచి గంధకం కడ్డీ ఒకటి వెతికి, వెలిగించి, వెనక తలుపు సందులోంచి వాల్వుల గదిలోకి చాపాడు. కడ్డీ చుట్టూ తెల్లటి పొగ దట్టంగా ముసిరింది. అమ్మోనియా ఉంటేనే అలా వస్తుంది.

కల్లం వైపు నుంచి ఒక కేక వినపడింది. సిద్దికా కిటికీలోంచి చూసింది. గాలి తిరిగింది. షెడ్డు మీది నుంచి తెల్లటి పొర నేలబారుగా కల్లం వైపు పాకుతోంది. కల్లం చుట్టూ ప్రహరీ. బయటికి ఉన్న ఒక్క దారీ ఆ పొరలోంచే. తను పంపిన చోటికే వస్తోంది.

“కింగ్ వాల్వ్ మూసేయాలి. నేను వెళ్తా. ఎక్కడుందో చూశాను.”

“నువ్వు చూసింది పొద్దున, వెలుతురున్న గదిలో. ఇప్పుడు వెనక గదిలో నీ చెయ్యి నీకు కనపడదు. ఇరవై ఆరు చక్రాలున్నాయి. తప్పుది తిప్పితే పేలిద్ది.” ఆయన అప్పటికే తువ్వాలు తడుపుకుంటున్నాడు. “నాకు కళ్లతో పన్లేదు.”

సిద్దికా బ్యాగులోంచి మాస్కు తీసి ఆయన మొహానికి తొడిగి, పట్టీలు బిగించింది. “ఇది పెట్టుకుంటే ఏం కాదు బాబాయ్.”

ఆయన తలుపు తీసుకుని తెల్లటి దాంట్లోకి నడిచాడు. సిద్దికా తడి తువ్వాలు మూతికి అదుముకుని, గుమ్మం పట్టుకుని నిలబడింది. లోపల ఇనుము మీద ఇనుము రాసుకున్న చప్పుడు. ఒక చుట్టు. ఇంకోటి. ఐదో చుట్టుకి దగ్గు వినపడింది. ఎనిమిదో చుట్టుకి చప్పుడు ఆగింది.

“బాబాయ్!”

చాలాసేపటికి, తొమ్మిదో చుట్టు. పది. పదకొండు. ఆ తర్వాత ఏదో బరువుగా నేల మీద పడ్డ శబ్దం.

కళ్లు మూసుకుని లోపలికి దూకి, చేతికందిన చొక్కా పట్టుకుని ఈడ్చుకొచ్చింది. బయట పైపు బుసబుస తగ్గింది. సన్నబడింది. ఆగింది. తెల్లటి పొర కల్లానికి పది గజాల ఇవతల నేలకి కరుచుకుని, విడిపోయింది.

స్క్రీన్ మీద ఆకుపచ్చ అక్షరాలు ఇంకా వేచి ఉన్నాయి. వాటి లెక్కలో ఇంకా పద్నాలుగు నిమిషాల టైముంది.

*

షెడ్డు కప్పు కింద అగ్గిపెట్టంత కెమెరా దొరికింది. కొనడానికి వచ్చినవాళ్లు ఎక్కడో కూర్చుని అరగంటపాటు చూసింది, ఎర్రటి గుట్టలు, దొర్లిన గంపలు, ఒంటి చెప్పు ఒకటి. ఖాళీ షెడ్డు చూసి డబ్బిచ్చేవాడు ఉండడు. బేరం చెడిందని నాలుగు రోజుల తర్వాత కబురొచ్చింది.

వీరబాబుని టోల్ ప్లాజా దగ్గర పట్టుకున్నారు. ఆరు గంటలకి వదిలేశారు.

“ఏమని పెట్టమంటావు కేసు?” అన్నాడు అంకమ్మరావు. “కమిటీలో ఒక మాట ప్రతిపాదించాడు. ఒక ముసలావిడకి కూర్చోడానికి డ్రమ్ము ఇచ్చాడు. అబ్దుల్లాని గుద్దిన లారీ దొరకలేదు. పైగా మన రికార్డుల్లో వీరబాబు ఇప్పటికీ మన మనిషే. పోయిన నెల మెచ్చుకోలు ఉత్తరం కూడా ఇచ్చాం.”

“తీగ ఎవరు పీకారు?”

“ఎలుక కొరికిందని సర్వీసు కంపెనీ రిపోర్టు.”

“ఆ పేజీ మార్చమని కమిటీకి రాశాను సార్. రెండు సెకన్లు అని పెట్టమన్నాను. తర్వాతి సవరణల సమావేశం మూడేళ్లకట. అప్పటిదాకా ఉన్న మాటే ఉంటుంది.”

“మిగతా స్టోరేజీలు?”

“పనిచేస్తున్నాయి. స్టాండర్డు ప్రకారం.”

బుల్లయ్య గుంటూరు ఆసుపత్రిలో మూడో రోజు తెల్లారి పోయాడు. ఊపిరితిత్తులు లోపలంతా కాలిపోయాయన్నారు. సిద్దికా మంచం పక్కనే ఉంది. డాక్టరు ఆమె చేతికి మాస్కు ఇచ్చాడు. దాని ఫిల్టర్ డబ్బా అడుగున చిన్న అక్షరాలు: దుమ్ము, ధూళికి మాత్రమే.

ఆ మధ్యాహ్నమే ఏజెన్సీ స్టోర్స్‌కి వెళ్లి ఇండెంట్ కాపీ తీయించింది. తన చేతిరాతే. ‘తగిన ఫిల్టర్ గల మాస్కు – ఒకటి.’ స్టోర్స్ గుమాస్తా మంచివాడు, నొచ్చుకున్నాడు. మిరపకాయల షెడ్డులో పని అన్నారు కదా మేడం, ధూళికి మించి తగినది ఏముంటుందనుకున్నాను అన్నాడు. సిద్దికా కాపీ మడిచి ఇచ్చేసింది.

బుల్లయ్య ఇంటికి లాల్‌బీ వచ్చింది. సిద్దికా పక్కన నేల మీద చతికిలబడింది.

“మా పిల్లలు ఇప్పటికీ తిడతన్నారే నిన్ను,” అంది. “ఉత్తపుణ్యానికి ఎండలో పరిగెత్తిచ్చిందని. నేను చెప్తే నమ్మరు. కాయ ఘాటే అంటన్నారు.”

“నువ్వు నమ్మావా అక్కా?”

“బుల్లయ్యని చూశాక నమ్మాను.” కొంగు నోట్లో కుక్కుకుంది. “రేపటి నించి మళ్లా అదే షెడ్డు. ఇంకేడకి పోతాం?”

సోమవారం సిద్దికా ఢిల్లీకి రిపోర్టు పంపింది. ఫారంలో ఏడో గడి: ‘కార్మికులు షెడ్డు ఖాళీ చేయుటకు కారణం.’ గ్యాస్ అని రాస్తే కేసు ఉండాలి, కేసు లేదు. ఏజెంటు హెచ్చరిక అని రాస్తే, కాగితాల మీద ఏజెంటు అక్కడ లేదు. నిజమే రాసింది: వాన.

రెండు వారాలకి ఫైలు తిరిగొచ్చింది. వాతావరణ శాఖ కాగితం ఒకటి జత చేసి ఉంది. ఆ తేదీన ఆ మండలంలో చుక్క వాన పడలేదు కనుక ఏడో గడిలో పేర్కొన్న కారణం చెల్లదని, షెడ్డు ఖాళీ అయినట్టు పరిగణించలేమని రాశారు.

అంకమ్మరావు చదివి, సంతకం పెట్టి, బీరువాలో పెట్టించాడు. ఫైలు ప్రకారం ఆ నలభై రెండు మందీ ఇంకా షెడ్డులోనే ఉన్నారు.